విప్పిన దస్త్రాలు: మూసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

అబుదాబిలో 2019లో ప్రారంభమైన ఆరోగ్య సమాచార వినిమయ వ్యవస్థ పేరు ‘మలఫ్ఫీ’. అరబ్బీలో ఆ మాటకు ‘నా ఫైలు’ అని అర్థం. ఫైలును సూచించే ‘మలఫ్’ అన్న పదం ‘చుట్టడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. మన కరణాల దస్త్రాలు కూడా గుడ్డలో చుట్టి కట్టిన కాగితాల కట్టలే. కట్టి ఉన్న దస్త్రాలు అటక మీద ఎన్నయినా ఉండవచ్చు. విప్పి ముందు పరుచుకోగలిగినవి కొన్నే. కంప్యూటరులోనూ ఇదే తేడా ఉంది. డిస్కు మీద లక్షల ఫైళ్ళు నిలవ ఉండవచ్చు, కాని ఒక ప్రోగ్రాము ఒకే సమయంలో తెరిచి ఉంచుకోగలిగిన వాటికి ఒక హద్దు ఉంటుంది.

ఆ హద్దును మించిన ఫైళ్ళతో పనిచేయవలసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు చాలా ఉన్నాయి. అవి పాటించే ఉపాయం వినడానికి సులభం: కొన్నింటిని తెరిచి ఉంచు, కొత్తది కావలసి వస్తే పాతదొకటి మూసెయ్యి, మళ్ళీ అవసరమైతే తిరిగి తెరువు. ఏది మూయాలన్న ప్రశ్న మీద చర్చ ఎక్కువగా జరుగుతుంది. అంతకన్నా కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది: మూసిన క్షణాన ఏం పోతుంది? దాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఆసుపత్రిలో మంచం ఖాళీ చేయించడం ఎవరైనా చేయగలరు. రోగి తిరిగి వచ్చినప్పుడు అతని చికిత్స ఆగినచోటి నుంచి సాగుతుందా లేదా అన్నది డిశ్చార్జి కాగితంలో ఏం రాశామన్న దాని మీద ఆధారపడుతుంది.

తెరవడం అంటే ఏమిటి?

ప్రోగ్రాము ఒక ఫైలు పేరు చెప్పి తెరవమని అడిగినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ ఆ పేరును వెతికి, అనుమతులు పరిశీలించి, ఒక చిన్న అంకెను తిరిగి ఇస్తుంది. దీన్ని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. యూనిక్స్ సంప్రదాయంలో 0, 1, 2 అంకెలు ముందే కేటాయించి ఉంటాయి కనుక మొదట తెరిచిన ఫైలుకు సాధారణంగా 3 దక్కుతుంది. అప్పటి నుంచి చదవడం, రాయడం అన్నీ ఆ అంకెతోనే. పేరుతో పని లేదు. ఎంతవరకు చదివామన్న స్థానం, చదవడానికా రాయడానికా అన్న వివరం, అసలు ఫైలు ఏదన్న సమాచారం కెర్నెల్ తన పట్టికల్లో ఉంచుకుంటుంది.

ఆ పట్టికలకు మొదటి నుంచీ పరిమితి ఉంది. 1975 నాటి యూనిక్స్ 6వ సంచికలో ఒక ప్రోగ్రాముకు 15 ఫైళ్ళు, మొత్తం వ్యవస్థకు 100 మాత్రమే. నేటి లినక్స్‌లో ఒక ప్రోగ్రాముకు సాధారణంగా దక్కే పరిమితి 1024. మాక్‌లో 256, విండోస్ సి లైబ్రరీ ఫైళ్ళకు 512. యంత్రాలు ఇంత పెరిగాక కూడా లినక్స్ 1024 దగ్గరే ఉండడానికి కారణం పాత బాకీ. ‘సెలెక్ట్’ అనే పాత పద్ధతి 1024 కన్నా పెద్ద పట్టికను ఊహించలేదు. ఆ పద్ధతిని వాడే ప్రోగ్రాములో డిస్క్రిప్టర్ అంకె 1023 దాటితే జ్ఞాపకశక్తిలో మరెక్కడో రాత పడుతుంది. అందుకే మెత్తని పరిమితిని 1024గానే ఉంచి, కావాలని కోరిన ప్రోగ్రాములకు దాన్ని ఎంతో పైకి పెంచుకునే వీలు కల్పించారు.

ఈ హద్దును చేరడం కష్టమేమీ కాదు. ఛాతీ సీటీ స్కానులో 30 సెంటీమీటర్ల పొడవును ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున కోస్తే 300 చిత్రాలు. డైకామ్ సంప్రదాయంలో ఒక్కో కోత ఒక్కో ఫైలుగా ఉండడం మామూలు. ఊపిరితిత్తుల కోసం ఒకసారి, మెత్తని కణజాలం కోసం ఒకసారి చిత్రాలను రూపొందిస్తే 600. పోల్చి చూడడానికి నిరుటి స్కాను కూడా కావాలంటే 1200. అన్నింటినీ ఒకేసారి తెరిచి ఉంచే ప్రోగ్రాము మధ్యలోనే ‘తెరిచిన ఫైళ్ళు మరీ ఎక్కువయ్యాయి’ అన్న 24వ నంబరు దోషంతో ఆగిపోతుంది.

పరిమితిని పెంచితే పోదా అని అడగవచ్చు. సొంత ప్రోగ్రాములో పెంచుకోవచ్చు. లైబ్రరీకి ఆ హక్కు లేదు. అది మరొకరి ప్రోగ్రాములో అతిథి. అదే ప్రోగ్రాములో నెట్‌వర్క్ సంబంధాలు, లాగ్ ఫైళ్ళు, వేరే లైబ్రరీలు కూడా ఆ కోటానే పంచుకుంటాయి. పైగా, తెరిచి మూయడం మరిచిన ఫైళ్ళు పేరుకుపోతున్నాయని మొదట తెలిపేది ఆ పరిమితే. జ్వరమాపిని పారేస్తే జ్వరం తగ్గదు.

మాయ డిస్క్రిప్టర్లు

బర్కిలీలో 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ పరిశోధన నుంచి పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు దీనికి మంచి ఉదాహరణ. అందులో ప్రతి పట్టికకు, ప్రతి సూచికకు వేరువేరు ఫైళ్ళుంటాయి. ఒక్కొక్కటి 1 గిగాబైటు దాటితే మరో ముక్క మొదలవుతుంది. అందుచేత దాని లోపలి భాగాలకు అసలు డిస్క్రిప్టరు ఇవ్వకుండా, ‘వర్చువల్’ డిస్క్రిప్టరు అనే మరో అంకెను ఇస్తారు. ఆ అంకె వెనుక ఫైలు పేరు, తెరిచిన తీరు రాసి ఉంటాయి. నిజమైన డిస్క్రిప్టరు ఆ సమయానికి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లేకపోతే పేరు చూసి మళ్ళీ తెరుస్తారు. అడిగినవారికి ఆ సంగతే తెలియదు.

అది కోటా మొత్తాన్ని వాడుకోదు. ఒక్కో ప్రాసెస్‌కు డిఫాల్ట్ హద్దు 1000. మొదలయ్యేటప్పుడే నిజానికి ఎన్ని తెరవగలదో ప్రయత్నించి చూసుకుని, అందులో 10 ఇతర అవసరాలకు విడిచిపెడుతుంది. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే ఎక్స్‌ఆరే అనే పైథాన్ లైబ్రరీ ఇంకా పొదుపరి: దాని డిఫాల్ట్ 128. గల్ఫ్ తీరపు ఉష్ణోగ్రతలను రోజుకొక ఫైలు చొప్పున 20 ఏళ్ళకు పేర్చితే 7,305 ఫైళ్ళు. వాటన్నింటినీ ఒకే వరుసగా చూపిస్తూ లోపల 128 మాత్రమే తెరిచి ఉంచుతుంది.

ఎవరిని పంపాలి?

చాలాకాలంగా ఎవరూ అడగని ఫైలును మూయడం సర్వసాధారణమైన పద్ధతి. దీన్ని ఎల్‌ఆర్‌యు అంటారు. లాస్లో బెలాడి 1966లో చూపిన ఆదర్శ పద్ధతి వేరు: భవిష్యత్తులో అన్నింటికన్నా ఆలస్యంగా అవసరమయ్యేదాన్ని పంపాలి. భవిష్యత్తు తెలియదు కనుక గతాన్ని చూసి ఊహించడమే ఎల్‌ఆర్‌యు చేసేది. స్లీటర్, టార్జాన్ 1985లో ఒక హద్దును నిరూపించారు: చెడ్డ సందర్భాల్లో ఎల్‌ఆర్‌యు ఆదర్శ పద్ధతికన్నా, స్థానాల సంఖ్య ఎంతో సుమారుగా అన్ని రెట్లు ఎక్కువసార్లు తడబడవచ్చు, యాదృచ్ఛికతను వాడని ఏ పద్ధతీ భవిష్యత్తు తెలియకుండా దీన్ని మించలేదు.

ఆ చెడ్డ సందర్భం అరుదైనది కాదు. 128 స్థానాలుండగా 129 ఫైళ్ళను వరుసగా, మళ్ళీ మళ్ళీ చదవండి. 129వ దాని కోసం 1వది మూస్తారు. వెంటనే 1వది కావలసి వస్తుంది, దానికోసం 2వది మూస్తారు. ప్రతి అడుగులోనూ ఒక మూసివేత, ఒక తెరవడం. ఆదర్శ పద్ధతి సుమారు 128 అడుగులకొకసారి మాత్రమే తెరుస్తుంది. ఇక్కడ మందు పద్ధతిని మార్చడం కన్నా పని క్రమాన్ని మార్చడం. ఉష్ణోగ్రత కోసం 7,305 ఫైళ్ళూ తిరిగి, తేమ కోసం మళ్ళీ తిరిగే బదులు, తెరిచిన ప్రతి ఫైలులోనూ రెండూ చదివి ముందుకు సాగితే చాలు.

మూసివేతలో పోయేవి

ఇంతవరకు చెప్పినదంతా వేగానికి సంబంధించినది. తప్పితే ఆలస్యమవుతుంది, అంతే. ఇప్పుడు చెప్పబోయేవి తప్పితే సమాచారమే పోతుంది.

మొదటిది తెరిచిన ఉద్దేశం. ‘లేకపోతే సృష్టించు, ఉంటే ఖాళీ చెయ్యి’ అన్న ఆదేశంతో తెరిచిన ఫైలును, కొంత రాశాక మూసి, అదే ఆదేశంతో మళ్ళీ తెరిస్తే రాసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తిరిగి తెరవడానికి దాచుకునే వివరాల్లోంచి ఆ ఆదేశాలను తీసేస్తుంది. ఎక్స్‌ఆరే కూడా మొదటిసారి ‘రాత’ పద్ధతిలో తెరిచినదాన్ని ఆ తర్వాత ‘చేర్పు’ పద్ధతికి మారుస్తుంది. కొన్ని మందులకు తొలి మోతాదు పెద్దది, తరువాతివి చిన్నవి. వార్డు మారిన ప్రతిసారీ తొలి మోతాదు ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రెండవది గుర్తింపు. పేరు ఫైలు కాదు. ఫైలుకు దారి చూపే చీటీ మాత్రమే. యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలు పేరును ఎవరైనా తొలగించినా, తెరిచినవారికి అది అందుబాటులోనే ఉంటుంది. మూసి మళ్ళీ తెరవబోతే ఉండదు. అదే పేరుతో వేరే ఫైలు పెట్టి ఉంటే మరింత ప్రమాదం: దోషమేదీ కనిపించకుండా తప్పు ఫైలు తెరుచుకుంటుంది. మూసేముందు పరికరం సంఖ్యను, ఐనోడ్ సంఖ్యను రాసుకుని, తిరిగి తెరిచాక పోల్చిచూస్తే ఈ మార్పిడి చాలావరకు దొరికిపోతుంది.

డిస్క్రిప్టరు అంకె పేరుకన్నా బలహీనమైన గుర్తు. ఖాళీగా ఉన్నవాటిలో అతి చిన్న అంకెనే కెర్నెల్ ఇస్తుంది కనుక, ఇప్పుడు మూసిన 7 మరుక్షణమే ఇంకో ఫైలుకు దక్కవచ్చు. ఒక త్రెడ్ 7లో రాస్తుండగా మరో త్రెడ్ స్థలం కోసం 7ను మూసి వేరే ఫైలును తెరిస్తే, ఆ రాత ఆ వేరే ఫైలులోకి పోతుంది. ఆసుపత్రుల్లో మందు ఇచ్చే ముందు రెండు గుర్తులు సరిచూడాలని, గది సంఖ్యను గుర్తుగా వాడరాదని నియమం పెట్టింది ఇందుకే. ఫైళ్ళలో దీనికి సమానమైన నియమం: ఎవరైనా వాడుతున్నంతసేపు ఆ ఫైలు మీద లెక్క ఉంచాలి, లెక్క సున్నా కానిదే మూయరాదు.

మూడవది తాళం. పోసిక్స్ ప్రమాణంలో ఒక వింత నియమముంది: ఒక ప్రాసెస్ ఒకే ఫైలును రెండుసార్లు తెరిచి, ఒకదానితో తాళం వేసి, రెండవదాన్ని మూస్తే, తాళం కూడా ఊడిపోతుంది. అనుమానం లేని మూసివేత ఒకటి డేటాబేసును పాడుచేయగలదు. ఎస్‌క్యూలైట్ లైబ్రరీ అందుకే, తాళాలు ఉన్నంతసేపు మూయవలసిన డిస్క్రిప్టర్లను పక్కన పెట్టి, తాళాలన్నీ విడిచాకే మూస్తుంది. అప్పటివరకు కోటాలో ఆ స్థానాలు వృథా. ఆ వృథాకు అది సిద్ధపడింది.

నాలుగవది అందని దుర్వార్త. ప్రోగ్రాము రాసినది వెంటనే డిస్కుకు చేరదు; కెర్నెల్ తీరికగా చేరుస్తుంది. చేరవేతలో దోషం వస్తే ఆ సంగతి తరువాత ‘ఎఫ్‌సింక్’ అని అడిగినప్పుడు చెబుతుంది. ఎవరికి చెబుతుంది? రాసిన డిస్క్రిప్టరు అప్పటికే మూసి ఉంటే? 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బృందం ఎదుర్కొన్నది ఈ ప్రశ్ననే. లినక్స్ 4.13 నుంచి కొన్ని సంచికల్లో, దోషం తరువాత తెరిచిన డిస్క్రిప్టరుకు ఆ దోషం కనిపించేది కాదు. డేటాబేసులో రాసేది ఒక ప్రాసెస్, కొంతసేపటికి ఎఫ్‌సింక్ చేసేది మరొకటి. మధ్యలో ఫైలు మూసి తెరవడం నిత్యం జరిగేదే. పైగా ఒకసారి దోషం చెప్పాక, చేరని పేజీలను చేరినట్టే గుర్తుపెట్టుకోవడంతో రెండవ ఎఫ్‌సింక్ ‘అంతా క్షేమం’ అనేది. లినక్స్‌లో, ఎవరికీ చెప్పని దోషాన్ని కొత్తగా తెరిచినవారికైనా చెప్పే సవరణ వచ్చింది. 2019 ఫిబ్రవరి సంచికలతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన తీరు మార్చుకుంది: ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్ళీ ప్రయత్నించదు; ఆగిపోయి, ముందుగా రాసిపెట్టుకున్న లాగ్ నుంచి కోలుకుంటుంది.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఏది మూయవచ్చో తేలుతుంది. చదవడానికి మాత్రమే తెరిచినది, ఎవరి చేతిలోనూ లేనిది, తాళం లేనిది, పేరు మారనిది నిర్భయంగా మూయవచ్చు. రాత మిగిలి ఉన్నదాన్ని ముందు ఎఫ్‌సింక్ చేసి, వచ్చిన జవాబును భద్రపరచి మూయాలి. తాళమున్నదాన్ని, పేరు తొలగించినదాన్ని మూయనే కూడదు. అలా మూయలేనివే కోటాను నింపేస్తే, లైబ్రరీ ఆ సంగతి అడిగినవారికి స్పష్టంగా చెప్పాలి.

ఇలాంటి లైబ్రరీని ఎంచుకునేవారు ‘ఎన్ని ఫైళ్ళను సంభాళిస్తుంది?’ అని అడగడం సహజం. దానికి ముందు అడగవలసినది ‘మూసేటప్పుడు ఏం రాసుకుంటుంది?’ అన్నది. దస్త్రాన్ని విప్పినంత జాగ్రత్తగా కట్టగలిగిన గుమాస్తాకే రికార్డు గది అప్పగించేవారు.