మక్కాలో చేసిన ప్రమాణం

1992 ఏప్రిల్‌లో కాబూల్‌లో నజీబుల్లా ప్రభుత్వం కూలిందని రేడియోలో విన్న రాత్రి మా మద్రసాలో చాలామందిమి నిద్రపోలేదు. సోవియట్ సేనలను ఎదిరించిన ముజాహిదీన్‌లు రాజధాని చేరారు, ఇక శాంతి నెలకొంటుందని తలచాము. అది ఎంత అమాయకమైన తలంపో తెలిసిరావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

పెషావర్ ఒప్పందం ప్రకారం సిబ్గతుల్లా ముజద్దిదీ 2 నెలలు, పిదప బుర్హానుద్దీన్ రబ్బానీ 4 నెలలు పాలించాలి. గుల్బుద్దీన్ హిక్మత్యార్ దానిని అంగీకరించలేదు. ఆగస్టులో ఆయన రాకెట్లు కాబూల్ ఇళ్లపై కురిశాయి. అటు రబ్బానీ గడువు తీరినా గద్దె దిగలేదు.

1993 మార్చి 7న, రమజాన్ మాసంలో, ఇస్లామాబాద్‌లో మరో ఒప్పందం కుదిరింది: రబ్బానీ అధ్యక్షుడు, హిక్మత్యార్ ప్రధాని. నాయకులు మక్కాకు వెళ్లి దానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేశారు. అయినా ఆ ప్రధాని రాజధానిలో కుదురుకోలేదు. నగరానికి దక్షిణాన చహారాసియాబ్‌లోనే ఉండిపోయారు.

దీనిని షియా–సున్నీ పోరాటమని మనలో కొందరు తేలికగా తేల్చేస్తారు. సున్నీ అయిన హిక్మత్యార్‌తో షియా పక్షమైన హిజ్బె వహ్దత్ చేయి కలిపింది కదా! అబ్దుల్ రషీద్ దోస్తుమ్ సంగతి మరీ విచిత్రం. ఆయన కమ్యూనిస్టు ప్రభుత్వపు సేనాని. 1992లో దానిని వీడి అహ్మద్ షా మసూద్ పక్షం చేరారు. ఆ దోస్తుమ్ సేనలను నగరం నుండి వెళ్లగొట్టాలన్నదే తన పోరాటానికి హిక్మత్యార్ చూపిన కారణం. 1994 జనవరి 1న ఆ ఇద్దరే ఏకమై రబ్బానీపై దాడికి దిగారు! ఆ యేడు కాబూల్‌లో వేలాది ప్రాణాలు పోయాయి.

1995 ఫిబ్రవరిలో తాలిబాన్ హిక్మత్యార్‌ను చహారాసియాబ్ నుండి తరిమింది. 1996 జూన్‌లో ఆయన, తాను రాకెట్లు వేసిన నగరంలోనే, రబ్బానీకి ప్రధాని అయ్యారు. సెప్టెంబరు 27న నగరం తాలిబాన్ వశమైంది. మరుసటి నెలలో దోస్తుమ్ తిరిగి మసూద్‌తో కలిశారు.

ఈ చరిత్ర చెబుతుండగా ఒక విద్యార్థి అడిగాడు: “ఉస్తాద్, మక్కాలో చేసిన ఆ ప్రమాణం తప్పినందుకు కఫ్ఫారా ఏమిటి?” ఫిఖ్‌లో ఉన్నదే చెప్పాము: పది మంది పేదలకు అన్నం పెట్టడమో, వస్త్రాలివ్వడమో, అది చేతకాకుంటే మూడు రోజుల ఉపవాసం. “మరి చనిపోయినవారు?” అన్నాడు. అది హుఖూఖుల్ ఇబాద్, దాసుల హక్కు. ప్రమాణపు కఫ్ఫారాతో తీరేది కాదని చెప్పి, ఆ పూట పాఠం ముగించాము.