నిమ్మకాయలు కాపురముండే కొండ

ఒరేయ్ చిన్నోడా, ఆ ఏసీ ఆపి ఇలా వచ్చి కూర్చో. కరెంటు లేకుండానే లారీల కొద్దీ నిమ్మకాయల్ని నెలల తరబడి నిలవ ఉంచే ఊరొకటుంది, చెబుతాను.

టర్కీ నడిబొడ్డున కపడోకియా అనే సీమలో ఒర్తహిసార్ అని ఒక ఊరు. ఊరి మధ్యలో 80 మీటర్లకు పైబడిన రాతిగుట్ట నిటారుగా నిలబడి ఉంటుంది. అదే వాళ్ల కోట. గోడలు పేర్చి కట్టింది కాదు. ఉన్న గుట్టనే లోపల్నుంచి తొలిచి గదులూ మెట్లూ సొరంగాలూ చేసుకున్నారు. చుట్టూ పాత ఇళ్లూ అంతే, ముందు భాగం కట్టుడు, వెనక భాగం తొలిచింది.

రాయి అంత సులువుగా తెగుతుందా అంటావేమో! అది మన గ్రానైటు కాదురా. లక్షల ఏళ్లపాటు అగ్నిపర్వతాలు కక్కిన బూడిద పొరలు పొరలుగా పడి బిగిసిన రాయి, టఫ్ అంటారు. దూరాన మంచు టోపీతో కనిపించే ఎర్జియెస్ కొండదే ఈ పనంతా అని చెప్పేస్తుంటారు గానీ, చాలా పొరలు దానికన్నా పాతవి. ఇడ్లీ తుంచితే కనిపించే బెజ్జాల్లాగే ఈ రాతినిండా సన్నటి ఖాళీలు. అందుకే ఉలికి లొంగుతుంది. తొలిచాక గాలి తగిలి, తేమ ఆరి, పైపొర గట్టిపడుతుంది.

ఇక చల్లదనం సంగతి. పగటి ఎండ ఈ రాతిలోకి మూరెడు దిగేలోపే రాత్రి వచ్చేస్తుంది. వేసవి వేడి మరికాస్త లోతుకి పోతుంది, అదీ నెలలు ఆలస్యంగా. అది చేరేసరికి బయట చలి మొదలవుతుంది! దాంతో లోపలి గదికి ఎండాకాలమూ లేదు, శీతాకాలమూ లేదు. ఆ ఊరి ఏడాది సగటు వేడి ఎంతో దాదాపు అంతే ఎప్పుడూ.

నిమ్మకాయకి కావలసింది సరిగ్గా అదే. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. వేడెక్కితే తొందరగా వడిలిపోతుంది, మరీ చల్లబడితే తొక్క మీద గుంటలు పడతాయి. 10 నుంచి 13 డిగ్రీలయితే హాయి. అందుకే మధ్యధరా తీరంలో కోసిన కాయల్ని ఇంతదూరం తెచ్చి ఈ గుహల్లో దాస్తారు.

అయితే ఆ బెజ్జాల్లోకే వాననీరూ దిగుతుంది. చలికి గడ్డకట్టి నూటికి తొమ్మిది వంతులు ఉబ్బి, రాతిని చీలుస్తుంది. దగ్గర్లోని జెల్వె అనే గుహల పల్లెలో పెళ్లలు విరిగిపడుతున్నాయని 1952లో జనాన్ని ఖాళీ చేయించారు. 1967 నుంచి అది మ్యూజియం.