కళ్లముందు పిండిన పాలు: అపోహలు – వాస్తవాలు

దీపావళి తర్వాత నారాయణగూడ వైఎంసీఏ దగ్గర జరిగే సదర్ పండగని ఒక్కసారి చూసినా చాలు, ఈ పేటలకూ పాడికీ ఉన్న చుట్టరికం ఎంత గట్టిదో అర్థమవుతుంది. నూనె రాసిన ఒళ్లు నిగనిగలాడుతూ, మెడలో పూలదండలతో దున్నపోతులు డప్పుల మోతకు ముందుకాళ్లెత్తి నిలబడతాయి. వాటిని సాకే యాదవ కుటుంబాల్లో చాలావాటికి తరతరాలుగా పాలే బతుకుతెరువు. అపార్ట్‌మెంట్లు లేచి కొట్టాలు ఊరి అంచులకు జరిగినా, హైదర్‌గూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఇళ్లకు పొద్దున్నే బండి మీద క్యాన్లు వస్తూనే ఉన్నాయి. చిక్కటి పాలు, మందపాటి మీగడ, బర్రె ఈనినప్పుడు జున్నుపాలు ప్యాకెట్‌లో దొరికేవి కావు. ఇంటిల్లిపాదీ కష్టపడి నడిపే చిన్న డెయిరీ నిలబడాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఆ పాల చుట్టూ అల్లుకున్న అపోహల గురించి మాట్లాడాలి. పచ్చిపాలు తాగి ఒక పిల్ల జబ్బుపడితే, ఆ పిల్లతో పాటు నష్టపోయేది ఆ పాలాయనే.

అపోహ: "మా ముందే పిండి పోశాడు, ఇంకేం భయం?"

దగ్గరుండి పిండించుకుంటే నీళ్లు కలపలేదని తెలుస్తుంది. అదీ పిండే ముందు బకెట్ బోర్లించి చూపిస్తేనే. బర్రె ఒంట్లోని రోగం మాత్రం కంటికి కనిపించదు. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి సోకిన బర్రె మామూలుగానే మేస్తుంది, నెమరు వేస్తుంది, పాలిస్తుంది. పాల రంగు మారదు, వాసన మారదు. ఆ పాలు పచ్చివి తాగిన మనిషికి మాత్రం వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు, నడుమునొప్పి, రాత్రిపూట చెమటలు పట్టుకుంటాయి. టైఫాయిడ్ అనో మరొకటనో మందులు మారుతుంటాయి, జ్వరం తగ్గదు. రోగమేమిటో తేలాక కూడా సాధారణంగా ఆరు వారాలు యాంటీబయాటిక్స్ వాడాలి.

మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను పీడించిన జ్వరానికి ఈ జీవే కారణమని 1887లో డేవిడ్ బ్రూస్ ప్రకటించాడు. అది మేకపాల నుంచి వస్తోందని తెమిస్టొక్లీస్ జమ్మిట్ కనిపెట్టడానికి 1905 దాకా పట్టింది. ఆ మేకలు చూడటానికి ఆరోగ్యంగానే ఉండేవి. అనుమానం వాటి మీదికి వెళ్లకపోవడానికి అదే కారణం.

మన దేశంలో 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు. కాబట్టి కొత్తగా పాల ఖాతా పెట్టుకునేటప్పుడు "నీళ్లు కలుపుతవా?" అని అడగడం కంటే, "అన్నా, పెయ్యలకు టీకాలు ఏయించినవా? ఈ ఏడు ఏ బర్రెన్నా ఈసుకపోయిందా?" అని అడగడం మేలు. నెలలు నిండకుండా ఈసుకుపోవడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. అసలు ముప్పు అందరికంటే ముందు ఆ కుటుంబానికే. ఈసుకుపోయిన దూడనూ మాయనూ ఒట్టి చేతులతో తీసేది వాళ్లే.

కొట్టానికి వెళ్తే పిండే తీరు కూడా చూడండి. పని తెలిసినవాళ్లు మొదటి రెండు మూడు ధారలను బకెట్‌లో పట్టరు, పక్కన నల్లగుడ్డ మీదికి పిండి చూస్తారు. తరకలో, నెత్తుటి చారో కనిపిస్తే అది పొదుగువాపు. ఆ పాలు అమ్మకూడదు. బర్రెకు యాంటీబయాటిక్ వేసినా అంతే, మందు మీద రాసిన గడువు తీరేదాకా ఆ పాలు పారబోయాల్సిందే. పేద కుటుంబానికి అది పెద్ద నష్టం. ఆ నష్టం భరించి "ఇయ్యాల పాలు లేవమ్మా" అని చెప్పే పాలాయన దొరికితే వదులుకోకండి, రూపాయి ఎక్కువైనా ఇవ్వండి.

అపోహ: "కాస్తే సారమంతా పోతుంది"

ప్రోటీన్, కాల్షియం, కొవ్వు ఎక్కడికీ పోవు. సి విటమిన్, బి విటమిన్లలో కొన్ని కాస్త తగ్గుతాయి. సి విటమిన్ కోసం జామకాయ తింటాం తప్ప పాలు తాగం. డెయిరీల్లో పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు. క్షయ, బ్రూసెల్లా క్రిములు చావడానికి ఆ వేడి చాలు. మన పొయ్యి మీద పాలు పొంగేసరికి అంతకు మించిన వేడే ఉంటుంది. పొంగు రాగానే దించేయకుండా, మంట తగ్గించి గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు ఉంచితే గిన్నె అంతటా వేడి సమంగా అందుతుంది. తర్వాత చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి, ఆరగానే ఫ్రిజ్‌లోకి. ఒకే పాలను రోజుకు నాలుగుసార్లు మరిగించనక్కర్లేదు.

పాలు పడనివాళ్లకు పచ్చిపాలు అరుగుతాయన్న మాట అమెరికా నుంచి మన బంధువుల ఫోన్లలోకి కూడా వచ్చింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ఒక చిన్న అధ్యయనంలో ఆ మాటనే పరీక్షించారు. ఉబ్బరం, అజీర్తి పచ్చిపాలతో ఏమీ తగ్గలేదు. అదే అమెరికాలో పచ్చిపాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపి అమ్మడం 1987 నుంచి నిషేధం.

సారం పోతుందన్న మాటకు తిరగేసిన అపోహ ఇంకొకటుంది: "కాస్తే ప్రమాదాలన్నీ పోతాయి". పోవు. పాలు పొదుగు నుంచి ఒంటి వేడితో వస్తాయి. మే నెలలో ఆ క్యాన్ గంటల తరబడి బండి మీద తిరిగితే స్టెఫైలోకాకస్ లాంటి క్రిములు పెరిగి విషం వదులుతాయి. కాస్తే క్రిమి చస్తుంది, అది వదిలిన విషం మాత్రం మిగిలిపోతుంది. బూజు పట్టిన పల్లి చెక్క, పత్తి చెక్క తిన్న పశువు పాలలోకి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, మరిగించినా అది పోదు. అందుకే పాలు ఎన్నింటికి పిండారు, దాణా ఎక్కడ నిల్వ చేస్తున్నారు అన్నవి అడగాల్సిన ప్రశ్నలే.

అపోహ: "ప్యాకెట్ పాలంటే అంతా పొడి, రసాయనాలే"

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు తీసింది. ప్యాకెట్ పాలు, విడి పాలు రెండూ అందులో ఉన్నాయి. ఆరోగ్యానికి హాని చేసేంత కల్తీ తేలినవి 12 మాత్రమే. అందులో తొమ్మిది తెలంగాణవి కావడం మనం తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. అఫ్లాటాక్సిన్ పరిమితి దాటినవి 368. ఆ సమస్య విడి పాలలో కంటే డెయిరీ పాలలోనే ఎక్కువ కనిపించింది. యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటినవి 77. అంటే ప్యాకెట్ అయినంత మాత్రాన విషం కాదు, విడి పాలైనంత మాత్రాన అమృతమూ కాదు.

టోన్డ్ పాలలో పాలపొడి వాడటం దొంగతనం కాదు, చట్టం ఒప్పుకున్న పద్ధతి. చిక్కటి బర్రెపాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్లు కలిపి ఎక్కువమందికి అందించే ఈ పద్ధతిని 1946లో బొంబాయిలో మొదలుపెట్టింది డి.ఎన్. ఖురోడీ. అందులో వెన్న 3 శాతం. బర్రెపాలలో దానికి రెట్టింపు ఉంటుంది గనక పల్చగా అనిపిస్తుంది, అంతే.

అపోహ: "లాక్టోమీటర్ సరిగ్గా చూపిస్తే మంచి పాలే"

లాక్టోమీటర్ చూపేది సాంద్రత ఒక్కటే. నీళ్లు కలిపితే తగ్గుతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది. కాబట్టి మీగడ తీసి, ఆ మేరకు నీళ్లు పోస్తే అది మోసపోతుంది. చక్కెర, యూరియా కలిపినా అంతే. యూరియా అనుమానం ఉంటే చిన్న గాజు గొట్టంలో ఒక చెంచా పాలకు అర చెంచా కందిపొడి కలిపి, ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి. అర నిమిషంలో నీలంగా మారితే యూరియా ఉన్నట్టు. ఇంకో సంగతి: పొదుగులో మొదట వచ్చే పాలు పల్చన, చివరి పాలు చిక్కన. సగం పిండగానే మీ గిన్నె నింపేస్తే నీళ్లు కలపకుండానే పల్చటి పాలు వస్తాయి. మొత్తం పిండి కలిపాకే పోయించుకోండి.

అపోహ: "సూది వేసిన బర్రె పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారు"

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దీన్ని పరిశీలించింది. ఆక్సిటోసిన్ సూది వేసినా పాలలో ఆ హార్మోన్ పెరగలేదు, ఉన్న కాస్తా అరుగుదలలోనే నశిస్తుంది. అలాగని సూది మంచిదని కాదు. దూడను వదిలి, నిమిరి, బర్రె చేపేదాకా ఓపిక పట్టలేక రోజూ పొడిస్తే నరకం పడేది ఆ మూగజీవి. పశువు ఆరోగ్యం చెడేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. సూది వేసే కొట్టంలో పాలు కొనకపోవడానికి ఆ కారణం చాలు.

అపోహ: "ఏ2 పాలైతేనే ఆరోగ్యం"

ఏ1, ఏ2 అనేవి పాలలోని ఒక ప్రోటీన్‌లో రకాలు. బర్రెపాలు దాదాపుగా ఏ2 రకమే, దానికి వేరే ధర కట్టనక్కర్లేదు. ఏ1 పాలు జబ్బులు తెస్తాయనడానికి ఆధారం దొరకలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లోనే తేల్చింది.

అపోహ: "పిచ్చికుక్క కరిచిన బర్రె పాలు తాగాం, అందరం సూదులు వేయించుకోవాలి"

ఇలాంటి వార్త పుట్టినప్పుడల్లా జనం కుక్కకాటు సూదుల కోసం పరుగులు తీస్తారు. ఆ సూదులకు పేరుపడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ మన నారాయణగూడలోనే ఉంది. కాచిన పాలు తాగితే ఆ సూదులు అక్కర్లేదు. అలాంటి బర్రె పాలను పచ్చివే తాగినవాళ్లు డాక్టర్‌ను కలిసి, ఆయన చెప్పినట్టు చేయాలి. ఆ బర్రె పాలు ఇక వాడకూడదు.

చివరగా ఒక మాట, ముఖ్యంగా గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లకు. పచ్చిపాలలోని బ్రూసెల్లా, లిస్టీరియా గర్భం పోయేలా చేయగలవు. పూజలో పంచామృతానికి కాచని పాలే కావాలని పట్టింపు ఉంటే, ఆ పూటకు పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలు చల్లగా ఉన్నవి తెచ్చి వాడండి, వాటిని మళ్లీ కాచనక్కర్లేదు. క్యాన్ పాలు మాత్రం, పోసింది ఎంత నమ్మకమున్న మనిషైనా, కాచకుండా ఒక్క చెంచా కూడా ఎవరి నోట్లోనూ పోయకండి.