కాలువ చివరి భూములు – ఉప్పునీరు

కృష్ణా డెల్టా కొసన, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సేద్యము చేయు మీకు ఉప్పునీటి బెడద కొత్తది కాదు. అయితే వాతావరణము వేడెక్కుటతో అది ముదురుచున్నది. 2023 ఆగస్టులో దేశమున కురిసినంత తక్కువ వాన, 1901 నుండి లెక్కలలో మరి ఏ ఆగస్టునను లేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సముద్రము పాలైనది! వానలు తప్పిన ఏట నదిలో మంచినీటి పారుదల తగ్గును; పోటునీరు మురుగు కాలువలలోనికి ఎగదన్నును. సముద్రమట్టము కూడ పెరుగుచున్నది గదా.

కాలువ నీరు ఆలస్యమైనదని మురుగు కాలువ నీటిని ఇంజనుతో నారుమడికి తోడుచున్నారా? కాస్త ఆగండి. వరి మొలకెత్తునప్పుడు ఉప్పును కొంత ఓర్చును గాని, లేత నారుగా నున్నప్పుడును, పూత సమయమునను ఓర్వలేదు. ఆకు కొనలు తెల్లబడి ఎండినచో తెగులని తొందరపడి మందు చల్లవద్దు. శుభ్రమైన సీసాను ఆ నీటితోనే మూడుసార్లు కడిగి, నింపి, భూసార పరీక్షా కేంద్రమునకు పంపండి. లవణ సూచిక (ఇ.సి.) 2 దాటినచో ఆ నీరు నారుమడికి పెట్టరాదు. ఇదివరకే పెట్టియున్నచో, మంచినీరు దొరకగానే మడి నిండుగా పెట్టి, తీసివేసి, మరల పెట్టవలెను.