దొర వెంట ఉన్న తెలుగాయన ఎవరు?

అంగళ్లు : మన మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది. ఆ సీమ ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన దొర కల్నల్ మెకంజీ. సుద్దతో దొరల ముఖాలు గీసిన థామస్ హికీయే 1816లో మద్రాసులో ఆయన తైలవర్ణ చిత్రమూ వేశాడు. అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో దొర వెంట మనదేశస్థులు ముగ్గురున్నారు. దొర పేరు అందరికీ తెలుసు. వీరెవరన్నది మాత్రం పండితులు తేల్చవలసి వచ్చింది. చేతిలోని వస్తువులే ఆనవాళ్లయ్యాయి. తాటాకులు పట్టినవాడు జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణి పట్టినవాడు కిష్ణాజీ, మూడో మనిషి కావలి వెంకట లక్ష్మయ్య అని వారు గుర్తించారు. సోదరుడు బొర్రయ్య 1803లో పోయాక ఊరూరా కైఫీయతుల పని నడిపించిన తెలుగువాడు ఈ లక్ష్మయ్యే. మీ ఇంటి గోడమీది పాత పటాల వెనుక కూడా పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని కావాలి.