బాయిలర్ కారుతోందా? సోమవారం దాకా ఆగకండి

పొయ్యి మీద కుక్కర్ పెట్టేముందు మనం ఏం చూస్తాం? లోపల నీళ్లున్నాయా, గాస్కెట్ బాగుందా, వెయిట్ కింద రంధ్రంలో మెతుకు అడ్డం పడిందా. బాయిలర్‌దీ అదే కథ, సైజే పెద్దది. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకుండా మూసిపెడితే ప్రెషర్ పుడుతుంది. లాండ్రీలు, ఆసుపత్రులు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలు ఆవిరితో నడుస్తాయి. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు పాత ఇళ్లలో రేడియేటర్లు వేడెక్కేది కూడా చాలాచోట్ల దీంతోనే. క్లీనింగ్‌కో, రిపేరు పనికో ఆ బేస్‌మెంట్లలోకి దిగేది మనవాళ్లే కాబట్టి ఈ సంగతి మీకు చెప్పాలి.

మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లో లోయ్-లాంగ్ బాక్స్ కంపెనీ అని అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. 2017 మార్చి 31, శుక్రవారం. ఆవిరి చల్లబడి తిరిగొచ్చే వేడినీళ్లను నిలవుంచే ట్యాంకు కారడం కనబడింది. రిపేరు వాళ్లకు కబురు వెళ్లింది. కానీ ఏప్రిల్ 3, సోమవారం పొద్దున, వాళ్లు వచ్చి బాగుచేయకముందే ఆవిరి ఆన్ చేశారు. ట్యాంకు అడుగు ఊడిపోయింది. ప్రెషర్‌లో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటినా మరగదు. ఒక్కసారి దారి దొరికితే మాత్రం అందులో కొంత క్షణంలో ఆవిరైపోతుంది. దాదాపు టన్ను బరువున్న ట్యాంకు రాకెట్‌లా కప్పు చీల్చుకుని లేచి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే వేరే కంపెనీ మీద పడింది. ఫ్యాక్టరీలో ఒకరు, అక్కడ ముగ్గురు పోయారు. ఆ ముగ్గురూ కొత్తగా పనిలో చేరడానికి వచ్చి ఫారాలు నింపుతున్నవాళ్లు. ఆ ట్యాంకు సంగతే వాళ్లకు తెలియదు.

తర్వాత ఫెడరల్ కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణ చేసింది. తుప్పుతో అడుగు పలచబడింది. 2012లోనే ఒకసారి కారితే రిపేరు చేశారు గానీ, పలచబడిన ఇనుమును కొంత అలాగే వదిలేశారు. నగరం తరఫున జరగాల్సిన తనిఖీ లోపాన్ని కూడా రిపోర్టు ఎత్తి చూపింది. నేను చదివింది బీకాం, ఇంజినీరును కాను. అయినా నాకు అర్థమైంది ఇది: ఇనుము ముందే చెప్పింది, వినేవాళ్లే లేరు.

ఈ దేశంలో బాయిలర్ చట్టాలు ఊరికే రాలేదు. 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో గ్రోవర్ చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. 1907లో ఆ రాష్ట్రం గట్టి చట్టం తెచ్చింది. మన దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుకు బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది కూడా 2025 దాకా 1923 నాటి చట్టం పుణ్యమే.

మీరు పనిచేసే చోట బాయిలర్ ఉంటే దగ్గర్లో తనిఖీ సర్టిఫికెట్ ఉందేమో, ఉంటే గడువు దాటిందేమో చూడండి. గాజు గొట్టంలో నీటి మట్టం కనబడాలి. సేఫ్టీ వాల్వ్ కారుతోందని దాన్ని బిగించి మూసేయడం హత్యాయత్నమే అంటాను. నీళ్లు లేక ఎర్రగా కాగిన బాయిలర్‌లోకి చన్నీళ్లు వదలొద్దు. దూరం జరిగి, తెలిసినవాళ్లను పిలవండి.

తడి కనిపిస్తే ఫోటో తీసి, తేదీతో సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి. నోటిమాట తర్వాత నిలవదు. పట్టించుకోకపోతే ఓషాకు ఫిర్యాదు చేయొచ్చు: 1-800-321-6742. మీ పేరు యజమానికి చెప్పొద్దని అడగొచ్చు. కాగితాలు లేనివాళ్లకు కూడా ఈ హక్కు ఉంది. ఏజెన్సీ ద్వారా వెళ్తే ఏజెన్సీకీ, పని చేయించుకునే కంపెనీకీ ఇద్దరికీ బాధ్యతే. ఫిర్యాదు చేశారని పనిలోంచి తీసేస్తే 30 రోజుల్లోపే ఓషాకు చెప్పాలి. ఆ గడువు చాలా చిన్నది, వచ్చే నెల చూద్దాం అనుకోకండి.

ఇళ్లల్లో పనిచేసే అక్కలకు ఒక చేదు నిజం: సొంత ఇంటి పనికి ఇంటివాళ్లే పెట్టుకున్న మనుషులకు ఫెడరల్ ఓషా నిబంధనలు వర్తించవు. కాబట్టి బేస్‌మెంట్‌లో బాయిలర్ కారుతున్నా, వింత చప్పుడు చేస్తున్నా ఇంటివాళ్లకు చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, గ్యాస్ వాసన వచ్చినా ముందు పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. ఇంటావిడకు ఫోన్ ఆ తర్వాత.