మేకే ఇరుసు

“నాన్నా, ఒక చక్రాన్ని కింద తగలకుండా పైకి లేపేస్తే ఘర్షణ పావు వంతు తగ్గుతుంది కదా?” అన్నాడు మావాడు, అరచేతిలో చెక్క కారుని అటూ ఇటూ తిప్పుతూ.

అమెరికాలో పిల్లల్ని కబ్ స్కౌట్స్‌లో చేర్చిన మనవాళ్లకి ఈ బండి కొత్తేం కాదు. పైన్ చెక్క దిమ్మ ఒకటి, ప్లాస్టిక్ చక్రాలు నాలుగు, మేకులు నాలుగు. ఆ మేకులే ఇరుసులు. మోటారు లేదు, స్టీరింగు లేదు. వాలు మీద నుంచి వదలడమే మన వంతు. పైన్‌వుడ్ డెర్బీ అనే ఈ పందెం మూడు సెకన్ల ముచ్చట. దానికోసం మూడు వారాలు గ్యారేజీలో కాపురం పెట్టానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అవునని అనబోయి నాలుక కరుచుకున్నాను. ఘర్షణ తాకే వైశాల్యాన్ని బట్టి కాదు, నొక్కే బరువుని బట్టి ఉంటుందని గియోమ్ అమాంటన్స్ 1699లోనే చెప్పాడు. నాలుగు చక్రాలు మోసే బరువునే ఇప్పుడు మూడు మోస్తాయి. ఒక్కో మేకు మీద భారం పెరుగుతుందే తప్ప మొత్తం రాపిడిలో మార్పుండదు. మరి ఆరితేరిన పందెగాళ్లంతా ముందు చక్రం ఒకటి ఎందుకు లేపుతారు? గాల్లో ఉన్న చక్రం తిరగక్కర్లేదు కాబట్టి. వాలు దిగుతూ బండి సంపాదించిన శక్తిలో కొంత చక్రాల్ని తిప్పడానికే ఖర్చవుతుంది. ఒకటి తిరగకపోతే దాని వాటా బండి వేగానికి జమ. కిటుకు జడత్వానిది, పేరు మాత్రం ఘర్షణకి పోయింది.

ఘర్షణ అసలు కాపురం మేకు దగ్గర. చక్రం పట్టా మీద దొర్లుతుందే గాని జారదు. జారేదంతా లోపల, మేకు మీద చక్రం కన్నం. చక్రం వ్యాసం దాదాపు 30 మిల్లీమీటర్లు, కన్నం రెండున్నర. అంటే బండి పది మీటర్లు పరిగెత్తినా లోపల జారిన దూరం మీటరుకి లోపే. చక్రం కనిపెట్టినవాడెవడో గాని వాడి తెలివంతా ఇదే. రాపిడిని చంపలేదు, దాని నడకని పన్నెండో వంతుకి కుదించాడు.

ఆ మిగిలినదే మన తలనొప్పి. ఘర్షణ గుణకం 0.2 అనుకుని లెక్క కట్టండి. పది మీటర్ల దారిలో ఇరుసులు మింగే శక్తి, బండి దాదాపు 17 సెంటీమీటర్ల ఎత్తు దిగితే వచ్చేంత. బయల్దేరే ఎత్తే 1.2 మీటర్లు! గుణకాన్ని సగం చేయగలిగితే ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు ఉత్తపుణ్యానికి వచ్చినట్టు. వేలి మందంతో గెలుపోటములు తేలే ఆటలో అది మామూలు ఆస్తి కాదు.

అందుకే అందరూ మేకు మీద పడతారు. కర్మాగారంలో తీగని అచ్చులో బిగించి, కొసని కొట్టి తల తీస్తారు. ఆ బిగింపు గాట్లు సరిగ్గా తల కిందే మిగిలిపోతాయి. మేకుని డ్రిల్లుకి తగిలించి తిప్పుతూ ముందు ఆకురాయి, తరవాత తడిపిన ఎమరీ పేపరు: 400, 600, 1000, 2000. తల లోపలి వైపు కాస్త ఏటవాలుగా అరగదీస్తే, చక్రం పక్కకి జరిగి ఒరుసుకున్నా కొద్ది మేరే తగులుతుంది.

ఇక కందెన. మా తాతయ్య ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి మసి కలిపి పెట్టేవాడు. అక్కడ బరువు క్వింటాళ్లు. ఇక్కడ బండి మొత్తం 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు దాటకూడదు. ఇంత తేలిక బండికి చిక్కటి నూనె జిగటే బ్రేకు. పైగా చాలా పందేల్లో నూనె నిషిద్ధం. కాబట్టి గ్రాఫైట్ పొడి. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లిన చేతులకి ఇది వింతగా తోచదు.

గ్రాఫైట్‌లో కర్బన పొరలు పేకముక్కల్లా జారతాయని బళ్లో చదువుకున్నాం. అది సగం కథే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు బాగా పైకి ఎగిరేసరికి, జనరేటర్లలోని కర్బన బ్రష్షులు గంటల్లో పొడై రాలిపోయాయి. కింద నిక్షేపంగా పనిచేసినవే! జనరల్ ఎలక్ట్రిక్‌లో సావేజ్ అనే పరిశోధకుడు 1948లో కారణం బయటపెట్టాడు: అంత ఎత్తున గాల్లో తేమ లేదు. పొరల అంచుల్లో తోడు లేని బంధాలుంటాయి, దొరికినదాన్ని పట్టుకు వేలాడే రకం. గాలిలోని నీటి ఆవిరి వచ్చి వాటికి జత కుదిరిస్తే గాని పొరలు జారవు. పొడి కందెనకి తడి కావాలన్నమాట! అందుకే తేమ ఊసే లేని అంతరిక్షంలో గ్రాఫైట్ చేతులెత్తేస్తుంది. అక్కడ మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ దిక్కు.

ఈ పందేన్ని మొదలెట్టిన డాన్ మర్ఫీ కూడా విమానాల కంపెనీ మనిషే, నార్త్ అమెరికన్ ఏవియేషన్‌లో. పిల్లలే ఎక్కి నడిపే మోటారు లేని బండ్ల పందెం, సోప్‌బాక్స్ డెర్బీలో దిగే వయసు పదేళ్ల కొడుకుకి రాలేదని, 1953 మేలో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో ఈ బుల్లి బండ్లని పరిగెత్తించాడు. మరుసటేడు బాయ్స్ లైఫ్ పత్రిక రాసింది, దేశమంతా పాకింది. తరవాత ఎలక్ట్రానిక్ టైమర్లు, టంగ్‌స్టన్ బరువులు, మెరుగుపెట్టి అమ్మే మేకులు... కొనుక్కొచ్చిన మేకులో నాకైతే మజా కనపడదు.

మావాడు గ్రాఫైట్ వేసిన చక్రాన్ని వేలితో తిప్పి లెక్కపెట్టాడు. నిన్న తొమ్మిది సెకన్లు, ఇవాళ ఇరవై రెండు. మూడు మేకులు అయ్యాయి. నాలుగోది డ్రిల్లుకి తగిలించబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

“దానికెందుకు నాన్నా? అది ఎలాగూ తిరగదుగా!”